జీడి అన్న మాట

మాటకు చరిత్ర ఉంటుందని ఒప్పుకునే విమర్శకులు సైతం చెట్ల పేర్ల దగ్గరకు వచ్చేసరికి ప్రకృతి వర్ణనతో తృప్తిపడతారు. ఉద్దానం గురించిన రచనల్లో జీడితోట సాధారణంగా కొబ్బరితోట పక్కన ఒక పచ్చని తెర. ఆ చెట్టుకు ఆ పేరు ఎందుకు వచ్చిందన్న ప్రశ్న పుట్టదు.

నిజానికి ఈ చెట్టు మనది కాదు. 16వ శతాబ్దంలో పోర్చుగీసువారు బ్రెజిల్ నుండి తెచ్చినది. అక్కడి తుపీ ప్రజల 'అకాజు' పోర్చుగీసులో 'కాజు' అయింది. హిందీ దాన్నే తీసుకుంది. మలయాళీలు తెచ్చినవాణ్ణి గుర్తుంచుకుని 'పరంగిమావు' అన్నారు. తెలుగువారు అతణ్ణీ పట్టించుకోలేదు, అతని మాటనూ తీసుకోలేదు. (ముంతమామిడి అన్న పేరు కూడా ఉంది, దాన్ని ప్రస్తుతానికి పక్కన పెడదాం.) మన అడవుల్లో అంతకుముందే నల్లజీడి ఉంది. చాకలివారు బట్టలకు చెరగని గుర్తు పెట్టింది దాని రసంతోనే. ఒంటికి తగిలితే పొక్కుతుంది. కొత్త చెట్టు పిక్క పెంకులోనూ అటువంటి రసమే ఉంది. కనుక జీడి. పూతా ఆకూ మామిడిని తలపిస్తాయి, కనుక మామిడి. మూడూ ఒకే కుటుంబమని వృక్షశాస్త్రం కూడా అంటుంది.

స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో దీనికి పెట్టిన 'అనకార్డియం' కూడా, వెనుకటి వైద్యులు నల్లజీడికి వాడిన పేరే. అయితే ఆయనది గ్రంథాల దారి. జీడి అన్న పేరు మాత్రం ఆ పిక్కను ముట్టుకుని, చర్మం కాల్చుకున్నవాడు పెట్టినదిలా ఉంది.

ఈ మాట అర్థం పలాస, కాశీబుగ్గల్లో నేటికీ చెడలేదు. పిక్కలను ఆవిరిలో ఉడికించినా, కోతయంత్రాలు వచ్చినా, చేత్తో పెంకు తీసేచోట ఆ రసం ఆడకూలీల వేళ్ళను నల్లబరుస్తూనే ఉంది. బజారు భాష వేరు. డబ్బామీద 'డబ్ల్యూ 320' అంటే పౌనుకు 300 నుండి 320 తెల్లపప్పులు. పప్పు లెక్క ఇంత ఖచ్చితం. వేళ్ళ లెక్క ఎక్కడా లేదు. మిఠాయి కొట్లో అదే పప్పు 'కాజు' అయి, పొక్కును పూర్తిగా మరిచిపోతుంది.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను ఈ తోటలను కూల్చింది. అప్పుడు కూడా మనం పడిపోయిన చెట్లనే వర్ణించాం. పిక్కలు రాని కార్ఖానాలో ఆ నల్లటి వేళ్ళు ఏం చేశాయన్న కథ నాకింకా కనబడలేదు.