జంగిల్ సంగీతము - గతకాలపు మోహము

ఒక దేశమువారి వినోదమును ఇంకొక దేశమువారు విమర్శించునపుడు రెండు పొరపాట్లు కలుగుచుండును. వినకయే నిందించుట మొదటిది. దోషము నెరిగియు నవీనమను పేరున పొగడుట రెండవది. ఇంగ్లాండు దేశమున 1990 దశకపు తొలియేండ్లలో పుట్టిన జంగిల్ సంగీతమును, దానిని పెంచిన రేవ్ అను రాత్రి నృత్యసభలను గూర్చి వ్రాయబూనిన నేను ఈ రెంటిని తప్పించుకొన యత్నింతును. ఆ తొలినాళ్లు గడచి ముప్పదియేండ్లు దాటినను వానిని తలచి కన్నీరు పెట్టువారు నేటికిని కలరు. చూడనివారు సయితము విచారించుట వింత. ఈ విచారమునకు విలువ యెంతయనునదే నా ప్రశ్న.

1988వ సంవత్సరపు వేసవిలో అమెరికాలోని చికాగో, డిట్రాయిట్ నగరముల యంత్రసంగీతము ఇంగ్లాండు యువజనుల నాకర్షించెను. ఆ పిమ్మట పాడువడిన గిడ్డంగులలోను, లండనును చుట్టివచ్చు ఎం.25 రహదారి సమీపపు పొలములలోను వేలకొలది జనులు తెల్లవారువరకు నాడిరి. జమైకా మొదలగు ద్వీపములనుండి వలసవచ్చినవారి బిడ్డలును, తెల్లజాతి శ్రామికుల బిడ్డలును ఒకేచోట కలిసిరి. ఆ కలయికనుండియే జంగిల్ పుట్టెను.

ఈ సంగీతపు నిర్మాణము విచారింపదగినది. 1969లో విన్‌స్టన్స్ అను అమెరికా వాద్యబృందమువారు ‘ఆమెన్, బ్రదర్’ అను గీతమును రికార్డుగా వెలువరించిరి. అందు నడుమ తక్కిన వాద్యములన్నియు ఆగిపోగా గ్రెగరీ కోల్మన్ అను నతడు ఒంటరిగా డ్రమ్ములు వాయించెను. ఆ భాగము సుమారు ఏడు సెకండ్లు మాత్రమే. లండను యువకులు ఆ ముక్కను శాంప్లరను యంత్రమున పట్టి, దెబ్బకు దెబ్బగా కోసి, క్రమము మార్చి, నిమిషమునకు 160 దెబ్బల వేగమున పరుగెత్తించిరి. దాని క్రింద జమైకా రెగే సంగీతమునుండి వచ్చిన మంద్రస్వరము సగము వేగమున నడచును. వీణ నేర్చిన మన గృహిణులు మొదటికాలము, రెండవకాలము నెరుగుదురు. ఆ రెండును ఒక్కసారి వినవచ్చినట్లుండును. ఏ కాలమును పట్టుకొని యాడినను తప్పులేదు. వట్టి మోతయని చెవులు మూసికొనువారు ఈ నేర్పును గమనింపరు.

దోషములు లేవా? ఉన్నవి. ఎక్‌స్టసీ అను మత్తుమాత్రల వాడుక ఆ సభల నంటియుండెను. వానివలన మరణించిన యువజనులును కలరు. రాత్రింబవళ్లు మ్రోగిన ధ్వనిచే సమీప గ్రామస్థులు బాధపడిరి. 1992 మే మాసమున కాసిల్‌మార్టన్ బయలున ఇరువదివేలకు పైబడి జనులు చేరి దాదాపు వారముదినములు ఆడిరి. తరువాత 1994లో పార్లమెంటువారు చేసిన చట్టము, రాత్రివేళ ఆరుబయట వందమందియైనను చేరిన యిట్టి సభలను ఆపుటకు పోలీసులకు అధికారమిచ్చెను. 2003లో ఆ వంద యిరువదియయ్యెను. మరల మరల వచ్చు దెబ్బలనుబట్టి అందు సంగీతమునకు లక్షణము చెప్పబడెను. ఆ శాసనము ఇంకను చర్చలో నుండగనే ఆటెకర్ అను జంట సంగీతకారులు, ఏ వరుసలోని దెబ్బలును మరియొక వరుసను పోలని గీతమును రచించి ప్రకటించిరి. మత్తును నివారించుట వేరు, లయను బట్టి సభను నేరముగా నెంచుట వేరు. దోషమును ఖండింపబోయి కళను ఖండించుట సంస్కర్తలకు పలుమారు కలిగిన ప్రమాదము.

ఇక గతస్మరణము. తరుమబడినది మధురముగా తోచుట లోకసహజము. ఆనాటి క్యాసెట్టులు, ప్రకటనపత్రములు ఇప్పుడు నిధులవలె దాచబడుచున్నవి. అనుమతిలేని రేడియోలవారు ఎత్తైన మేడలమీదినుండి చేసిన ప్రసారములను నాడు రికార్డు చేసికొన్నవారు నేడు వానిని పంచుకొనుచున్నారు. ఇందు మేలును గలదు. పెద్దలు లెక్కచేయని చరిత్రను సామాన్యులు కాపాడిరి. కాని “మా కాలమే కాలము, తరువాతిదంతయు పతనమే” యను మాట వినవచ్చినపుడు నాకు జాలి కలుగును. జంగిల్ పుట్టినదే పాతదానిని కోసి క్రొత్తది చేయుటవలన. దానిని కదలనీయక పూజించుట దాని ధర్మమునకే విరుద్ధము.

ఈ మోహమును కళగా మార్చినవాడు బరియల్ అను మారుపేరుగల లండను సంగీతకర్త. ఆ సభలు జరిగిననాటికి ఇతడు పసివాడు. అన్నలు తెచ్చిన పాటలను, చెప్పిన కథలను విని పెరిగెను. 2007లో వెలువడిన ఇతని ‘అన్‌ట్రూ’ ఆల్బములో వానచప్పుడు, పాత రికార్డుల గరగర, దూరమున ఎవరో పిలిచినట్లు తెగిపోవు కంఠములు వినవచ్చును. చివరి గీతమునకు ‘రేవర్’ అని పేరు. పెండ్లివారందరు వెళ్లిపోయిన పందిరిలో ఒక్కడు నిలిచినట్లుండును. ఇతడు గతమును తిరిగి నటింపడు, పోయినదని యొప్పుకొనును. అందుచేతనే యీ సంగీతము మనస్సున నాటును. అయినను ఒక కొరత చెప్పక తప్పదు. వేలమంది కలిసి యాడిన సంగీతము ఇందు ఒంటరివాని చెవిలోని గుసగుసయైనది. కలయిక పోయిన దుఃఖము వినవచ్చునుగాని, మరల కలియవలెనను కోరిక వినరాదు.

ఇంతకును స్మరణమునకు గీటురాయి యేది? ఋణము తీర్చుటయని నా యభిప్రాయము. కోల్మన్ వాయించిన యా యేడు సెకండ్లు వేలకొలది గీతములకు ఆధారమయ్యెను. ఆయనకు దానివలన ప్రతిఫలము రాలేదు. 2006లో అట్లాంటా నగరమున నిలువనీడలేని స్థితిలో మరణించెను. 2015లో అభిమానులు చందాలు పోగుచేసి, బృందనాయకుడగు రిచర్డ్ స్పెన్సరునకు సుమారు 24,000 పౌనులు సమర్పించిరి. అది మెచ్చదగిన పనియే. కాని డ్రమ్ములు వాయించినవాడు గతించి అప్పటికే తొమ్మిదేండ్లయ్యెను.

పోయిన రాత్రులను తలచి నిట్టూర్చుట సులభము. ఆ రాత్రులకు లయనిచ్చిన చేతులను బ్రదికియుండగనే వెదకి ఆదుకొనుట కష్టము. చదువరులారా, మన యింట ప్రీతితో వినెడి పాటల వెనుకను ఇట్టి చేతులు కలవు. వారి పేర్లు కనుగొని బిడ్డలకు చెప్పుట మనము చేయదగిన మొదటి పని.