కోసి కురచ చేసిందొకటి, కురచగానే పుట్టిందొకటి

ఎం44నీ ఎస్‌కేఎస్‌నీ ఒకే బల్ల మీద పక్కపక్కన పెడితే ముందు కనబడేది పోలికే. రెండూ సోవియట్ సైన్యం వాడిన కార్బైన్‌లు, అంటే కురచ తుపాకులు. రెండింటి పొడవూ దాదాపు 102 సెంటీమీటర్లు, బరువు నాలుగు కిలోలకు అటూ ఇటూ. తూటా కొలత రెండింటికీ 7.62 మిల్లీమీటర్లే. రెండింటికీ మడిచిపెట్టుకునే బాయ్‌నెట్ ఉంది. గురిపట్టీ మీద అంకెలు రెండింట్లోనూ 1000 మీటర్ల దాకా వెళ్తాయి. ఒకటి 1944లో సైన్యంలో చేరింది, ఇంకొకటి 1949లో. ఐదేళ్ల ఎడంతో పుట్టిన అన్నదమ్ములని ఎవరైనా అనుకుంటారు. ఒక్కోదానితో పది తూటాలు కాల్చాక మాత్రం ఆ మాట అనలేరు.

టెక్సస్‌లో ఉంటున్న నేను ఈ తుపాకుల గురించి ఊళ్లో చుట్టాలకు చెబితే, వాళ్లకు అదో వింత లోకం. మన దేశంలో ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత లైసెన్సు ఉన్నా మామూలుగా ఒక మనిషి దగ్గర రెండు తుపాకులకు మించి ఉండకూడదు. ఇక్కడ యాభై ఏళ్లు దాటిన ఆయుధాల సేకరణకు విడిగా ఒక లైసెన్సు ఉంది. మూడేళ్లకు 30 డాలర్లు కట్టి, కొన్నవీ అమ్మినవీ ఒక పుస్తకంలో రాసుకోవాలి. సోవియట్ యూనియన్ కూలాక అక్కడి గిడ్డంగుల్లో గ్రీజు పూసి దాచిన లక్షల తుపాకులకు తలుపులు తెరుచుకున్నాయి. వంద డాలర్లలోపే ఎం44 దొరికిన రోజులున్నాయి. జీతగాళ్లు, విద్యార్థులు, రిటైరైన పెద్దలు అందరూ కొన్నారు. 2021 సెప్టెంబరు నుంచి రష్యా తుపాకుల, తూటాల దిగుమతికి అమెరికా కొత్త అనుమతులు ఆపేసింది. ధరలు అంతకుముందే ఎక్కాయి. చవక పోయినా మోజు పోలేదు. కాబట్టి ఆ మోజుకు కారణం చవక ఒక్కటే కాదు. ఏమిటన్నది ఈ రెండింటినీ పోల్చి చూస్తేనే తేలుతుంది.

ఎం44 అసలు కథ 1891 నాటిది. కెప్టెన్ సెర్గేయ్ మోసిన్ రూపకల్పనా, బెల్జియం వాడైన నగాన్ నుంచి తీసుకున్న కొన్ని అంశాలూ కలిసి తయారైన ఆ తుపాకీని రష్యన్లు ‘మూడు లైన్లది’ అని పిలిచేవారు. లైను అంటే అంగుళంలో పదోవంతు. మూడు లైన్లంటే 7.62 మిల్లీమీటర్లు. కాలాళ్లు బారులు తీరి, బాయ్‌నెట్ బిగించుకుని ముందుకు నడిచే యుద్ధాల కోసం చేసిన పొడుగాటి తుపాకీ అది. 1930లో సవరించాక కూడా పొడవు 123 సెంటీమీటర్లుంది. ఫిరంగిదళం, వైర్‌లెస్ సిబ్బంది లాంటి వాళ్ల కోసం 1938లో గొట్టాన్ని 73 నుంచి 51 సెంటీమీటర్లకు తగ్గించారు. దానికి బాయ్‌నెట్ లేదు. తర్వాత రెండో ప్రపంచయుద్ధంలో శిథిలాల మధ్య, కందకాల్లో, మెట్ల మీద జరిగిన పోరాటాలు మామూలు సిపాయికీ కురచ తుపాకీయే కావాలని తేల్చాయి. అప్పుడు ఆ 1938 కార్బైన్‌కే కుడిపక్కన మడతపడే బాయ్‌నెట్ బిగించి ఎం44 అన్నారు.

గొట్టం తగ్గింది గానీ తూటా తగ్గలేదు. ఇదే ఎం44 స్వభావానికి మూలం. పొడుగు గొట్టం కోసం కొలిచి పోసిన మందు, పొట్టి గొట్టంలో పూర్తిగా కాలదు. తూటా బయటపడేసరికి ఇంకా మిగిలినది గొట్టం మూతి దగ్గర గాలి తగిలి భగ్గుమంటుంది. సాయంకాలం వెలుగు తగ్గాక కాలిస్తే నారింజరంగు మంట గుమ్మడికాయంత ఉబ్బి మాయమవడం కళ్లారా కనబడుతుంది. రేకుల కప్పు కింద ఆ మోత ఛాతీలో తగులుతుంది. తుపాకీ మడమకున్న ఇనుప పట్టీ భుజాన్ని గుద్దుతుంది. బోల్టు పిడి మరీ పొట్టిది. కొన్ని తుపాకుల్లో అది బిగుసుకుపోయి, అరచేతి మడమతో కొడితే తప్ప లేవదు. చాలాసార్లు దానికి కారణం గొట్టం వెనక గదిలో గట్టిపడిన పాత గ్రీజే. సేఫ్టీ వేయాలంటే వెనకున్న గుండ్రటి ముక్కను స్ప్రింగుకు ఎదురు లాగి పక్కకు తిప్పాలి. చలికి చేతులు కొంకర్లు పోయినవాడు అది ఎలా చేసేవాడో ఊహకందదు.

అన్నిటికన్నా నన్ను కట్టిపడేసేది బాయ్‌నెట్. నాలుగు గాడులున్న పొడుగాటి ఊచ. కొన పదునుగా ఉండదు, స్క్రూడ్రైవర్ మొనలా చదునుగా ఉంటుంది. తుపాకీని విప్పదీసేటప్పుడు మరలు తిప్పడానికీ అదే పనికొచ్చేది. సోవియట్ పద్ధతిలో బాయ్‌నెట్ తెరిచి ఉంచే గురి సరిచేసేవారు. రేంజ్‌లో మొదటిసారి దాన్ని మడిచి కాల్చినప్పుడు నా తూటాలన్నీ కాగితం మీద ఒక పక్కకే పోయాయి. తుపాకీ పాడైందనుకున్నాను. పక్క బల్ల దగ్గరి పెద్దాయన చెప్పాక బాయ్‌నెట్ విప్పి కాల్చాను. గుంపు మధ్యకు జరిగింది. సిపాయి దూరంగా ఉన్నవాణ్ని కాల్చేటప్పుడు కూడా కత్తిపోటుకు సిద్ధంగా ఉండాలని ఆ సైన్యం తీర్మానించిందని అప్పుడు అర్థమైంది. పుస్తకంలో చదివితే ఆ సంగతి ఇంత లోతుగా దిగేది కాదు.

ఎస్‌కేఎస్ ఇందుకు పూర్తిగా వేరు. సెర్గేయ్ సిమోనోవ్ దాన్ని 1943 నాటి కొత్త తూటా చుట్టూ అల్లాడు. ఆ తూటా పాతదానికన్నా పొట్టి, తేలిక, మందు తక్కువ. నిజమైన పోరాటం ఎక్కువగా కొద్ది వందల మీటర్ల లోపే జరుగుతుందని ఒప్పుకున్న తూటా అది. నిజానికి లోపలి యంత్రం కూడా బొత్తిగా కొత్తదేమీ కాదు. యుద్ధకాలంలో ట్యాంకుల మీదికి సిమోనోవ్ చేసిన రెండు మీటర్ల పొడుగు తుపాకీలోని అమరికే ఇందులోకి చిన్నదై వచ్చింది. అయితే ఇక్కడ కోత లేదు. చిన్న తూటాకు తగ్గట్టు ప్రతి భాగాన్నీ మళ్లీ కొలిచి చేశారు. అందుకే చేతిలో పట్టగానే బరువు రెండు చేతుల మధ్య సమంగా కుదురుకుంటుంది. పది తూటాల క్లిప్పును పైనుంచి బొటనవేలితో నొక్కితే జారిపోతుంది. ఒక్కో గుద్దూ మెత్తగా, ఒకేలా ఉంటుంది. ఆఖరి తూటా పేలాక బోల్టు వెనకే ఆగి, అయిపోయాయని చెబుతుంది. తుపాకీ పట్టడం కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఎం44 ఇస్తే ఒక్కసారికే దండం పెడతారు. ఎస్‌కేఎస్ ఇస్తే పెట్టె ఖాళీ అయ్యేదాకా దించరు.

కాబట్టి పనితనంలో తీర్పు చెప్పడానికి నాకు వెనకాడే పని లేదు. ఎస్‌కేఎస్సే మేలు, చాలా మేలు. కానీ ఆయుధాల లోకంలో మేలైనదానికి కాలం కలిసి రావాలి. ఎస్‌కేఎస్ సైన్యంలో చేరిన 1949లోనే, అదే తూటాతో, కలష్నికోవ్ తుపాకీ కూడా చేరింది. 1950లలోనే సోవియట్ కర్మాగారాలు ఎస్‌కేఎస్ తయారీ ముగించాయి. మాస్కో అలెగ్జాండర్ తోటలో అజ్ఞాత సైనికుడి సమాధి దగ్గర కాపలా సిపాయిల చేతిలో నేటికీ ఉండేది ఈ కార్బైనే. ఆ సమాధిలోని సైనికుడు 1941లో మాస్కోను కాపాడుతూ ప్రాణం విడిచినవాడు. అతని కాలంలో సిపాయిల చేతుల్లో ఎక్కువగా ఉన్నది మోసిన్ తుపాకీ. ఎస్‌కేఎస్ అప్పటికి పుట్టనే లేదు. ఎవరి పనికి ఎవరు నిలబడి గౌరవం చేస్తున్నారో తలుచుకుంటే నాకు గొంతు పట్టేస్తుంది.

తెచ్చుకున్న కొత్తలో రెండూ పెట్టే చాకిరీ ఒకటే. కాస్మోలిన్ అనే చిక్కటి గోధుమరంగు గ్రీజు చెక్క లోపలిదాకా ఇంకి ఉంటుంది. ఇక్కడి వాళ్లు చెక్కను నల్ల ప్లాస్టిక్ సంచిలో చుట్టి, ఎండలో నిలిపిన కారులో పడేస్తారు. టెక్సస్ ఎండ మన రోహిణీ కార్తెకు తీసిపోదు. సాయంత్రానికి సంచి అడుగున గ్రీజు మడుగు కడుతుంది. ఎస్‌కేఎస్ విషయంలో ఈ పని ప్రాణంతో సమానం. చాలావాటిలో దాని ఫైరింగ్ పిన్ స్ప్రింగు ఆధారం లేకుండా బోల్టులో వదులుగా ఆడుతుంది. గ్రీజుకు అది ముందుకు అంటుకుపోతే, బోల్టు మూసుకున్నప్పుడల్లా ట్రిగ్గర్‌తో పనిలేకుండా తూటాలు వరసగా పేలిపోవచ్చు. ఎం44కు ఈ గండం లేదు. పాత సైనిక తూటాల ఉప్పు మాత్రం రెండింటినీ తినేస్తుంది. ఆ తూటాల మొదటి నిప్పురవ్వ పుట్టించే మందు కాలాక గొట్టంలో ఉప్పు మిగులుతుంది, అది గాలిలో తేమను పీల్చుకుని తుప్పు పట్టిస్తుంది. కాల్చిన రోజే వేడినీళ్లు పోసి కడగాలి. ఎం44 బోల్టు ట్రిగ్గర్ నొక్కి లాగితే చేతిలోకి వచ్చేస్తుంది, పని పది నిమిషాలు. ఎస్‌కేఎస్‌లో గ్యాసు గొట్టం, పిస్టన్ కూడా కడిగి ఆరబెట్టాలి.

ఇక సేకరించేవాళ్ల మధ్య నడిచే వాదం. యుద్ధం తర్వాత ఆయుధాగారాల్లో బాగుచేసిన తుపాకుల విలువను చాలామంది తగ్గించి చూస్తారు. అన్ని భాగాల మీదా పుట్టుకతో వచ్చిన ఒకే నంబరు ఉన్నది కావాలంటారు. ఎస్‌కేఎస్‌కు ఆ కొలత కొంత నప్పుతుంది. తూలా కర్మాగారపు ముద్ర నక్షత్రం, పక్కన సంవత్సరం, చెక్కుచెదరని భాగాలు ఉంటే దాని తయారీలోని నేర్పరితనం అంతా కనబడుతుంది. దానికి చెక్క తీసేసి ప్లాస్టిక్ తొడిగి, పెద్ద మ్యాగజైన్ తగిలించి అమ్మేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. ఎం44ను అదే కొలతతో తూచడం మాత్రం తప్పు. దాని కథే అతుకులది.

నా ఎం44 మీద ఇజెవ్‌స్క్ కర్మాగారపు ముద్ర ఉంది, త్రికోణంలో బాణం. సంవత్సరం 1946. అంటే ఇది ఆ మహాయుద్ధంలో పేలనే లేదు. అమ్మినవాడు బెర్లిన్ దాకా వెళ్లొచ్చిందన్నాడు. నేను వాదించలేదు, ముద్ర చదివి కొన్నాను. చెక్కకు పూసిన ఎర్రటి పూత లక్క. వెలుగులో తిప్పితే ఏటికొప్పాక బొమ్మ మీద వేలు రాసినప్పటి నునుపే, మెరుపే. కొన్నిచోట్ల రేకులుగా లేచిపోయింది. వేరే వార్నిష్ వేసి కొత్తది చేయమని సలహా ఇచ్చినవాళ్లున్నారు. వేయను. మడమ పట్టీ మీద పాత నంబరు ఉంది. దాని మీద అడ్డంగా ఒక గీత. గీత కింద, కరెంటు పెన్సిలుతో చెక్కిన కొత్త నంబరు. ఏడు అంకె అడుగున గీత వంకర పోయింది. ఆ ఇనుప పట్టీ మొదట వేరే తుపాకీది. ఆ తుపాకీ ఏమైందో ఈ పట్టీ మీద రాసి లేదు.