ముందు చెవి, తర్వాత స్కానర్

డాష్‌బోర్డు మీద పసుపురంగు ఇంజన్ బొమ్మ వెలిగిందని ఎవరైనా అన్నారో లేదో, బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లోని మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో రెండు సలహాలు వచ్చి పడతాయి. బ్యాటరీ వైరు కాసేపు పీకి పెట్టండి, అదే ఆరిపోతుంది అన్నది ఒకటి. ఆక్సిజన్ సెన్సర్ పోయుంటుంది, మార్పించేయండి అన్నది రెండోది. మొదటిది జరిగినదాని ఆనవాళ్లు చెరిపేస్తుంది. రెండోది దొరికినవాణ్ణే దొంగ అంటుంది.

సొంత కారు ఇంట్లో చూసుకోవడమంటే మెకానిక్‌తో పోటీ పడటం కాదు. లిఫ్టూ, వెల్డింగు సెట్టూ, పనితనమూ ఆయన దగ్గరే ఉంటాయి. కానీ ఆయనకు దొరకనిది మనకొకటి దొరుకుతుంది: రాత్రంతా చల్లారిన ఇంజన్. ఇంజన్ పొగను గొట్టంలోకి పంపే మానిఫోల్డ్ గాస్కెట్ దగ్గర సన్నటి సందు ఉంటే, పొద్దున్న మొదటి స్టార్టులో 'టిక్ టిక్' అనో 'ఫుస్ ఫుస్' అనో చప్పుడొస్తుంది. ఇనుము వేడెక్కి సాగాక ఆ సందు మూసుకుంటుంది, చప్పుడు ఆగిపోతుంది. హోప్ ఫామ్ సిగ్నల్ దాటి, వర్తూరు కోడి దగ్గర ఇరుక్కుని, షెడ్డుకు చేరేసరికి బండి నోరు మెదపదు. మెకానిక్ బానెట్ ఎత్తి వింటాడు, ఏమీ ఉండదు. స్కానర్ పెడితే సెన్సర్ పేరు కనిపిస్తుంది. ఇక మారేది సెన్సరే.

అందుకని ఆదివారం పొద్దున్న వినడానికి కారు బేస్‌మెంట్‌లో కాకుండా పైన ఉండాలి. సెల్లార్లో ఇంజన్ నడుపుతూ పరీక్షలు పెట్టకూడదు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. అందుకే ముందురోజు సాయంత్రమే ఆరుబయట, విజిటర్స్ పార్కింగ్‌లో పెట్టుకోవడం మేలు. స్టార్ట్ చేసేముందే టార్చితో అతుకులన్నీ చూడాలి. గాస్కెట్ అంచున, పైపు జాయింటు దగ్గర నల్లటి మసి చార కనిపిస్తే పొగ అక్కడినుంచి కారుతోందన్నమాట. తర్వాత ఇంకొకరిని స్టార్ట్ చేయమని, పైపు కాలకముందే అతుకుల మీద సబ్బునీళ్లు చల్లితే బుడగలు లేస్తాయి. చేతికి తొడుగు వేసుకుని, వెనక గొట్టానికి మందపాటి గుడ్డ ఒక్క క్షణం అడ్డుపెడితే, లోపల ఒత్తిడి పెరిగి లీకు చప్పుడు పెద్దదవుతుంది.

లీకంటే పొగ బయటికి పోవడమేగా, సెన్సర్‌కేమిటి అనిపించవచ్చు. ఇంజన్ నుంచి పొగ ధారగా రాదు, దెబ్బ దెబ్బగా వస్తుంది. ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య గొట్టంలో ఒత్తిడి పడిపోతుంది. ఆ క్షణంలో సందులోంచి బయటిగాలి లోపలికి వస్తుంది. సెన్సర్ ఆ గాలిలోని ఆక్సిజన్ని చూసి, పెట్రోలు చాలడం లేదని కంప్యూటర్‌కు చెబుతుంది. కంప్యూటర్ ఇంకాస్త పెట్రోలు పోస్తుంది. మైలేజీ పడిపోతుంది, ప్లగ్గులు నల్లబడతాయి. సెన్సర్ అబద్ధం చెప్పలేదు, చూసిందే చెప్పింది.

ఆ చూడటం వెనక మంచి కథ ఉంది. పెట్రోలు పూర్తిగా మండాలంటే కిలోకు 14.7 కిలోల గాలి కావాలి. కుదిరిందో లేదో తేల్చేది గొట్టంలో కూర్చున్న జిర్కోనియా పింగాణీ ముక్క. దానికి ఒకపక్క పొగ, ఇంకోపక్క బయటిగాలి. రెండుచోట్లా ఆక్సిజన్‌లో తేడాని బట్టి వోల్టేజి పుడుతుంది. ఈ లెక్కకు ఆధారం జర్మన్ శాస్త్రవేత్త వాల్తర్ నెర్న్‌స్ట్ సమీకరణం. 19వ శతాబ్దం చివర ఆయనే జిర్కోనియాతో ఒక దీపం చేశాడు. ముందు వేడి చేస్తే తప్ప అది వెలిగేది కాదు. సెన్సరూ అంతే, దాదాపు 300 డిగ్రీలు దాటితేగాని పలకదు. అందుకే ఇప్పటి సెన్సర్ల లోపల చిన్న హీటర్ ఉంటుంది. బాష్ కంపెనీ ఈ సెన్సర్‌ను 1976లో వోల్వో కార్లతో రోడ్డెక్కించింది.

అంటే ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు మనం వినాలి, వేడెక్కాక సెన్సర్ చెప్పేది చదవాలి. చదవడానికి స్టీరింగ్ కింద సాకెట్లో పెట్టే బ్లూటూత్ స్కానర్ కొన్ని వందలకే వస్తుంది. కోడ్ చూడగానే చెరిపేయకూడదు. లైటు వెలిగిన క్షణంలో ఇంజన్ ఎంత వేడిగా ఉందో, ఎంత వేగంలో ఉందో ఫ్రీజ్ ఫ్రేమ్ అనే రికార్డులో ఉంటుంది. అది రాసిపెట్టుకోవాలి. ఆ తర్వాత ఫ్యూయల్ ట్రిమ్, అంటే కంప్యూటర్ పెట్రోలును ఎంత శాతం పెంచిందో తగ్గించిందో చూడాలి. ప్లస్ పదో మైనస్ పదో శాతం లోపల ఆడుతుంటే కంగారు లేదు. పెట్రోల్లో ఇథనాల్ పెరిగేకొద్దీ కాస్త ప్లస్ వైపు జరగడమూ మామూలే. ఐడిల్‌లో ఇరవై దాటి, 2500 ఆర్‌పీఎమ్ దగ్గర సర్దుకుంటే ఎక్కడో గాలి చొరబడుతోందని అనుమానించాలి. వేగం పెరిగేకొద్దీ ట్రిమ్మూ పెరుగుతుంటే పెట్రోలు పంపు, ఫిల్టర్ వైపు చూడాలి.

మామూలు జిర్కోనియా సెన్సరైతే, పొగను శుభ్రం చేసే కేటలిటిక్ కన్వర్టర్‌కు ముందున్నది 0.1 నుంచి 0.9 వోల్టుల మధ్య ఊగుతుండాలి, దాని వెనకది దాదాపు నిలకడగా ఉండాలి. వెనకదీ ముందుదానిలాగే ఊగితే కన్వర్టర్ అలిసిపోయిందేమో. పీ0420 కోడ్ చెప్పేదిదే. అయినా అప్పుడే కొత్త కన్వర్టర్‌కు డబ్బు కట్టొద్దు. ప్లాటినం, పల్లాడియం, రోడియం ఉండే సరుకది, ఊరికే రాదు. ముందు లీకులు చూడాలి, మిస్‌ఫైర్ ఉందేమో చూడాలి. మండని పెట్రోలు వెళ్లి కాల్చేసిన కన్వర్టర్ స్థానంలో కొత్తది బిగించినా, ఆ మిస్‌ఫైర్ దాన్నీ కాలుస్తుంది.

పీ0135 వస్తే సంగతి వేరు. అది హీటర్ సర్క్యూట్ కోడ్. మా కింది ఫ్లోర్ అనంతపురం తమ్ముడు "అన్నా, సెన్సర్ మార్చాల్నంట" అని వచ్చినప్పుడు ముందు ఫ్యూజు చూశాం, తర్వాత వైరు వెంట టార్చి వేసుకుంటూ పోయాం. ఎలుక కొరికేసింది. బెంగళూరు సెల్లార్లలో ఎలుకలు పెట్టించే ఖర్చు ఇంతా అంతా కాదు. అలాంటి వైరును సోల్డర్ చేయకుండా క్రింప్ చేయాలి. చాలా సెన్సర్లు పోల్చి చూసుకునే బయటిగాలిని వైరు పోగుల సందుల్లోంచే తీసుకుంటాయి. సీసం కరిగించి పోస్తే ఆ దారి మూసుకుపోతుంది.

ఇంతా చేసి, సందు మానిఫోల్డ్ గాస్కెట్‌లో ఉందని తేలితే నేను పానా పట్టను. తుప్పుపట్టిన స్టడ్ విరిగితే అది ఆదివారంతో తెమిలే పని కాదు. షెడ్డుకే పంపిస్తాను. కానీ 'సెన్సర్ మార్చండి' అని చెప్పను. పొద్దున్న స్టార్టులో చప్పుడు ఏ వైపు నుంచి వస్తోంది, ఎంతసేపటికి ఆగుతోంది, ట్రిమ్ ఎంత చూపిస్తోంది, ఇవి కాగితం మీద రాసిస్తాను. కుదిరితే బండిని ముందురోజు సాయంత్రమే షెడ్డులో వదిలేస్తాను. మర్నాడు పొద్దున్న మొదటి స్టార్టు మెకానికే చేసుకుంటాడు.