కెమెరా ఎవరి భుజం మీద?

తెలుగు సినిమా మాకిచ్చిన పాత్రలు లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్లు చాలు. యాసతో నవ్వించే సాయిబు, హీరో కోసం ప్రాణమిచ్చే స్నేహితుడు, బాంబు పెట్టే గడ్డం వాడు. బీడీలు చుట్టే అమ్మీ ఏం కలగంటుందో, దూదేకుల తాత ఏ తెలుగులో కోప్పడతాడో ఆ తెరకు అక్కర్లేదు. అందుకే పెద్ద తెరకు బయట జనం పెట్టుకునే చిత్రోత్సవాల వైపు మేము ఆశగా చూశాం.

ఆ ఆశ వట్టిది కాదు. 2006లో గోరఖ్‌పూర్‌లో జన్ సంస్కృతి మంచ్ చిత్రోత్సవం మొదలుపెట్టింది. అదే 'ప్రతిరోధ్ కా సినిమా' ఉద్యమమైంది. కంపెనీల డబ్బు వద్దన్నారు. జనం చందాలతో నడిపారు. 2013 ముజఫర్‌నగర్ హింసపై నకుల్ సింగ్ సాహ్నీ తీసిన 'ముజఫర్‌నగర్ బాకీ హై'ని 2015 ఆగస్టులో ఢిల్లీ కాలేజీలో అడ్డుకుంటే, అదే నెలలో అనేక ఊళ్లలో పట్టుబట్టి వేశారు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో అంబేద్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ ఆ అడ్డగింతను నిరసించింది. ఆ రోజుల్లో రేగిన గొడవల్లోనే అయిదుగురు పరిశోధక విద్యార్థులు సస్పెండయ్యారు. వారిలో ఒకడైన రోహిత్ వేముల 2016 జనవరి 17న ఆత్మహత్య చేసుకున్నాడు. మా గాయాన్ని చూపిన సినిమా కోసం వాళ్లు నిలబడ్డారు. ఆ రుణం మేము మరవం.

అయినా ఒక మాట అడగాలి. ఈ ఉత్సవాల్లో మేము ఎప్పుడూ సాక్షులమేనా? కాలిన ఇల్లు, ఏడ్చే తల్లి, జైలు నుంచి తిరిగొచ్చిన కొడుకు. హాలు నిశ్శబ్దమవుతుంది, చర్చ జరుగుతుంది, అందరూ ఇళ్లకు పోతారు. అల్లర్లు లేని రోజున మేమెలా బతుకుతామో చూపే సినిమా అరుదు. పీడనను చూపొద్దని అనడం లేదు. పీడితులుగా తప్ప మమ్మల్ని గుర్తించకపోవడమూ పరాయీకరణే అంటున్నాం.

మహారాష్ట్రలోని మాలేగావ్‌ను చూడండి. మరమగ్గాల ఊరు. 2006 సెప్టెంబర్ 8 పేలుళ్లలో 30 మందికి పైగా చనిపోయారు. ఆ కేసులో ముస్లిం యువకులనే పట్టుకెళ్లారు. 2016లో కోర్టు వాళ్లను కేసు నుంచి తప్పించింది. దేశానికి ఆ ఊరంటే బాంబులే. ఆ ఊరికి మాత్రం షేక్ నాసిర్ సినిమాలు. వీడియో పార్లర్ నడిపిన ఈయన స్నేహితుల్ని పోగేసి 'మాలేగావ్ కే షోలే' తీశాడు. తర్వాత సూపర్‌మ్యాన్‌ను తమ గల్లీల్లోకి దించాడు. బక్కపల్చని మగ్గం కార్మికుడే ఆ సూపర్‌మ్యాన్. ఆ నవ్వు ఎవరి దయా కాదు. దాన్ని లోకానికి చూపింది 'సూపర్‌మెన్ ఆఫ్ మాలేగావ్' డాక్యుమెంటరీ తీసిన ఫైజా అహ్మద్ ఖాన్, ఒక స్త్రీ.

కానీ అక్కడ కూడా ఆడ వేషాలకు బయటి ఊళ్ల నుంచి నటుల్ని తెచ్చుకోవాల్సి వచ్చింది. ఇది మేము మాలో మేము తేల్చుకోవాల్సిన లెక్క. మా ఆడపిల్లల చేతికి కెమెరా రానంతకాలం మా తెర సగం తెరే.

ఇప్పుడు కెమెరా ప్రతి ఫోన్‌లోనూ ఉంది. కడపలో, నంద్యాలలో, నిజామాబాద్ బస్తీల్లో మా పిల్లలు తీయగలరు. కొరత తెరది. లౌకిక మిత్రులారా, సినిమా అయ్యాక చర్చకు పిలవడం చాలదు. ఏ సినిమా వేయాలో నిర్ణయించే చోట మాకు చాప పరచండి. లేదంటే మా మొహల్లాలోనే దుప్పటి కట్టుకుంటాం. అప్పుడు మీరే రావాలి, చూడటానికి.