మైకు లేని పాట

పాట గురించి మన విమర్శ రాసింది తక్కువ. రాసినంతలో కూడా పాటను సభతో కొలవడం మనకు అలవాటయింది. ఎన్ని వేలమంది విన్నారు, ఎంతమంది గొంతు కలిపారు, ఏ ఊరేగింపులో పాడారు అన్నవే కొలమానాలు. దీనికి చారిత్రక కారణం ఉంది. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి, 1972లో మొదలైన జననాట్యమండలి పాటను మైదానానికి తీసుకువచ్చాయి. మైదానం తన అవసరాలకు తగిన శిల్పాన్ని కూడా పాటకిచ్చింది: పొట్టి పల్లవి, వినగానే అందుకోగల వంత, డప్పు దరువు, దరువు ఆగినచోట మాట ఒంటరిగా వినిపించే విరుపు. ఆ శిల్పాన్ని శిఖరానికి తీసుకువెళ్లినవారిలో వంగపండు ప్రసాదరావు 2020లో, గద్దర్ 2023లో కన్నుమూశారు. వాళ్ల చేతిలో జీవితంతో నిండిన ఆ రూపం ఇప్పుడు వట్టి రూపంగా మిగిలిపోతున్నదా అన్నదే మన ముందున్న ప్రశ్న.

ఈ ప్రశ్నకు సమాధానం మైదానంలో దొరకడం కష్టం. అక్కడ డప్పు, వేదిక, జనసందోహం పాట లోపాలను కప్పిపుచ్చగలవు. ఈ మధ్య కామారెడ్డిలో ఒక మిత్రుని మేడమీద జరిగిన పాటల సాయంత్రంలో నాకు కొంత సమాధానం దొరికింది. విన్నది నలభైమందిమి. మైకు లేదు. ఆ ప్రాంతానికే చెందిన ముగ్గురు ఎవరి పాట వారే రాసి, బాణీ కట్టి పాడారు.

మొదటి గాయకుడు సభల్లో ఆరితేరినవాడు. మంచి గొంతు. వాయిద్యకారుడు సిర్ర, సిటికెన పుల్ల పక్కన పెట్టి, డప్పు మీద వేళ్లతో మెల్లగా దరువు వేశాడు. దాంతో ప్రతి మాటా స్పష్టంగా వినిపించింది. పాటకు అదే ఇబ్బంది అయింది. ఉదయించే సూర్యుడు, ఎగసే ఉప్పెన, ఉడికే నెత్తురు - ఇవన్నీ ఒకప్పుడు ఎవరో జీవితంలోంచి తెచ్చిన ప్రతీకలే. ఈ పాటలో అవి అరువు సరుకుగా వచ్చాయి. ఎవరి మీద ఎవరు తిరగబడుతున్నారో ఆరు చరణాల్లో ఎక్కడా తెలియలేదు. ఉద్దేశం మంచిదే. ఉద్దేశం వస్తువు కాదు, వస్తువుకు ప్రేరణ మాత్రమే.

రెండో యువకుడు గిటారుతో పాడాడు. గిటారు చూసి ముఖం చిట్లించినవారున్నారు. హార్మోనియం కూడా యూరప్ నుంచి వచ్చిందే; మన నాటకానికి అది పరాయిది కాలేదు. వాయిద్యానికి వర్గం ఉండదు, వాడకానికి ఉంటుంది. నగరంలో అద్దెగది, రాని ఉద్యోగం, ఇంటికి చెప్పలేని అబద్ధాలు అతని వస్తువు. అందులో నిజాయితీ ఉంది. అయితే ఆ గదిలాంటి వేల గదులున్నాయన్న స్పృహ పాటలో లేదు. దుఃఖం అతని దగ్గరే మొదలై అతని దగ్గరే ఆగిపోయింది.

మూడో గాయని బీడీ కార్మిక కుటుంబం నుంచి వచ్చింది. వాయిద్యం లేదు. తునికాకు కత్తిరించడం, తంబాకు నింపి చుట్టడం, దారం కట్టడం, లెక్కపెట్టి కార్ఖానాకు అప్పజెప్పడం - పనిలోని ఒక్కో దశ ఒక్కో చరణం. దారం ముడివేసే చోట పల్లవి తిరిగి వస్తుంది. ఇక్కడ శిల్పం పనిలోంచి పుట్టింది. బాగాలేవని కార్ఖానాలో ఏరి పక్కన పెట్టే బీడీల గురించి ఒక చరణం ఉంది. వాటిని పారేస్తారని ఆమె పాడింది. శ్రోతల్లో ఒక పెద్దావిడ మధ్యలోనే అందుకుంది: “పారెయ్యరు బిడ్డా, దాస్కుంటరు. కూలి మనకియ్యరు, అమ్ముకునేది వాళ్లే.” గాయని ఆగి, ఆ మాట పెట్టి ఆ చరణం మళ్లీ పాడింది.

ఆ సాయంత్రం మొత్తంలో నాకు అతి ముఖ్యమైనది ఇదే. ‘పారెయ్యడం’ అన్నప్పుడు పాటలో ఉన్నది శ్రమకు జరిగిన అవమానం. ‘దాచుకోవడం’ అన్నప్పుడు ఉన్నది దోపిడీ. జాలి పాట ఒక్క క్రియాపదంతో రాజకీయమైన పాట అయింది. పదివేలమంది సభలో ఆ పెద్దావిడ గొంతు వేదిక దాకా చేరేది కాదు.

వివరమే పాటకు ప్రాణమన్నది మనకు కొత్త కాదు. 1980లో విడుదలైన ‘మా భూమి’ సినిమాతో మరింత మందికి చేరిన సుద్దాల హనుమంతు పాటలో పశుల కాపరి పిల్లవాడు కళ్లముందు నిలుస్తాడు. ‘కుబుసం’ (2002) చిత్రంలో వచ్చిన గోరటి వెంకన్న పాట కుమ్మరి, కమ్మరి అంటూ ఒక్కొక్క వృత్తి గడప తొక్కి గ్రామ విధ్వంసాన్ని చూపిస్తుంది. ఇవి మైదానంలోనూ నిలిచాయి, ఒంటరి గొంతులోనూ నిలుస్తాయి.

అలాగని చిన్నసభను ఆకాశానికెత్తనవసరం లేదు. అదే గది మధ్యతరగతి రసికుల మెహఫిల్‌గా మారిపోవచ్చు. ఆ రోజు కూడా బీడీ పాటకు కన్నీళ్లు తుడుచుకుని, ఫోనులో పట్టుకుని, చప్పట్లు కొట్టి టీ తాగినవాళ్లున్నారు. పాటను సవరించగల శ్రోత ఒక్కరే. ఆమె పనికిరాకపోతే ఆ సాయంత్రం వట్టి కాలక్షేపమయ్యేది. కాబట్టి గది చిన్నదా పెద్దదా అన్నది అసలు తేడా కాదు. పాటలోని జీవితం ఎవరిదో వాళ్లు అక్కడ కూర్చున్నారా, కూర్చుంటే అడ్డుపడి మాట్లాడే చనువు వాళ్లకుందా అన్నది తేల్చుకోవాలి.

పాట రాసేవారికి నా సూచన ఒక్కటే. సభకు తీసుకుపోయే ముందు పాటను డప్పు లేకుండా, వంత లేకుండా, ఆ పని చేసేవాళ్ల వాకిట్లో పాడండి. ఎక్కడ ఆపి దిద్దుతారో వినండి. మన సంఘం శాఖలు ఇలాంటి సాయంత్రాలను బీడీలు చుట్టే ఇళ్ల అరుగుల మీద, మగ్గాల దగ్గర జరపాలి. ఆ పాటలు అచ్చుకు వచ్చినప్పుడు దిద్దిన చరణంతోనే రావాలి, దిద్దించిన శ్రోత మాట కూడా పాట కింద నమోదు కావాలి.