బుడమేరు ఎవరి వాగు?

ఆక్రమణదారులు అన్న మాట మాకు కొత్త కాదు. బడిలో చరిత్ర పాఠం మొదలుపెట్టగానే మా మీద పడిన మాట అది. గజనీ నుంచి వచ్చారు, ఘోరీతో వచ్చారు అని చదివినప్పుడల్లా క్లాసులో తలలన్నీ మా వైపు తిరిగేవి. దూదేకుల తాత, మేస్త్రీ నానా, చాయ్ బండి మామూ ఏ గుర్రం మీద ఏ దండయాత్రకు వచ్చారో మాకూ తెలియదు. ఆ మాట ఇప్పుడు పర్యావరణం చొక్కా తొడుక్కొని మళ్లీ వచ్చింది.

2024 సెప్టెంబర్ 1న బుడమేరు విజయవాడ మీద పడింది. మళ్లింపు కాలువ గట్టుకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. మరునాటికి ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులతో రికార్డు బద్దలు కొట్టింది. సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ, పాయకాపురం రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. గండ్లు పూడ్చడానికి మిలిటరీ ఇంజనీర్లు రావలసి వచ్చింది. జనం ఇంకా డాబాల మీదే ఉన్నారు, ఈలోగా కొందరు పెద్దమనుషులు తీర్పు చెప్పేశారు: వాగును ఆక్రమించారు, అనుభవిస్తున్నారు!

ఎవరు ఆక్రమించారు? వాంబే అన్నది ఊరి పేరు కాదు, దేవుడి పేరూ కాదు. 2001లో కేంద్రం మొదలుపెట్టిన వాల్మీకి అంబేద్కర్ ఆవాస్ యోజనకు పొట్టి పేరు. సర్కారు పథకం పేరే కాలనీ పేరైంది. అక్కడి జనాన్ని తాళం చెవులిచ్చి మరీ లోపల పెట్టినవాళ్లెవరు? 2005లోనూ బుడమేరు ఇలాగే ముంచింది కదా, ఆ పాఠం ఏ ఆఫీసు బీరువాలో పడుకుంది? వాగును మింగిన వెంచర్లు లేవని మేం అనడం లేదు. ఉన్నాయి. కాని పత్రికల్లో ఆక్రమణ అన్న మాట పక్కన అచ్చయ్యే బొమ్మలో వెంచర్ యజమాని ఎప్పుడూ ఉండడు. రేకుల ఇల్లుంటుంది, దాని ముందు తడిసిన పరుపు ఆరేసే ఆడమనిషి ఉంటుంది.

సింగ్‌నగర్ సంగతి ఇంకొంచెం చెప్పాలి. విజయవాడ నగరం తన చెత్తంతా ఏళ్ల తరబడి అక్కడి డంపింగ్ యార్డులోనే పోసింది. చెత్త అక్కడికే, వరద అక్కడికే. దళితులు, బీసీలు, ముస్లింలు గోడకు గోడ ఆనించుకొని బతికే చోట ఈ రెండూ కలిశాయి. ఇది యాదృచ్ఛికమా? ప్రభుత్వం తలుచుకుంటే పేదలను కాపాడలేదా అంటే కాపాడగలదు. అదే 2024లో కృష్ణలంకను రక్షణ గోడ కాపాడింది. గోడ ఎక్కడ లేస్తుంది, చెత్త ఎక్కడ దిగుతుంది అన్నది ఇంజనీరింగ్ ప్రశ్న ఒక్కటే కాదు. ఎవరి ప్రాణానికి ఎంత విలువ కడతారన్న ప్రశ్న కూడా.

ఈ ప్రశ్నను మన కాలేజీల్లో పర్యావరణ పాఠం అడుగుతుందా? 1991లో సుప్రీంకోర్టు ఎం.సి. మెహతా కేసులో పర్యావరణం తప్పనిసరి పాఠం కావాలంది. ఆ తర్వాత పుష్కర కాలానికి యూజీసీ డిగ్రీ పిల్లలందరికీ ఆరు నెలల పాఠ్యప్రణాళిక తయారుచేసింది. ఎనిమిది యూనిట్లు. అడవులు, నీళ్లు, జీవవైవిధ్యం, కాలుష్యం. ఏడో యూనిట్‌లో జనాభా విస్ఫోటనం, కుటుంబ సంక్షేమ కార్యక్రమం. యూనిట్ల శీర్షికల్లో కులం లేదు, మతం లేదు, మురికివాడ లేదు. కాని జనాభా ఉంది. లెక్చరర్ ఎంత సదుద్దేశంతో చెప్పినా 'జనాభా పెరుగుదల' అనగానే వెనక బెంచీలో నవ్వు ఎవరి మీదికి పోతుందో ఈ దేశంలో అందరికీ తెలుసు. పదిమంది ఒక గదిలో సర్దుకొని, సైకిల్ మీద పనికి పోయి, పాత బట్టలూ పాత ఇనుమూ తిరగేసి అమ్ముకొనేవాడు భూమికి భారమట. ఇంటికి రెండు కార్లు, గదికొక ఏసీ ఉన్నవాడు ప్రకృతి ప్రేమికుడట, బాల్కనీలో తులసి మొక్క ఉంది గనక!

మన నేల మీద పర్యావరణ చరిత్ర ఎక్కడ మొదలవుతుంది? చిప్కో అని చెబుతారు. మేం కారంచేడు అంటాం. 1985 జూలైలో చీరాల దగ్గర ఆ ఊళ్లో దళితులు తాగే చెరువు నీళ్లను భూస్వామి ఇంటి కుర్రాళ్లు పాడుచేస్తుంటే ఒక దళిత యువకుడు ఇదేమిటన్నాడు, ఒక దళిత స్త్రీ బిందె ఎత్తి ఎదురు నిలిచింది. దానికి జవాబుగా జూలై 17న జరిగింది ఊచకోత. ఆరుగురిని చంపారు. దళిత మహాసభ ఆ నెత్తుటిలో నుంచే పుట్టింది. తాగునీటి కాలుష్యాన్ని వ్యతిరేకించి ప్రాణాలిచ్చిన ఆ పోరాటాన్ని కుల చరిత్రలో చదువుతారు, చదవాలి. పర్యావరణ చరిత్రలో ఎందుకు చదవరు? బిందె పట్టుకున్న చేతిది ఏ కులమో చూసి పాఠం మారుతుందా?

అమెరికాలో ఈ గొడవ ముందే తేలింది. 1982లో నార్త్ కరోలినాలోని వారెన్ కౌంటీలో, నల్లవాళ్లు ఎక్కువగా ఉన్నచోట పీసీబీ విషం కలిసిన మట్టిని పూడ్చబోతే జనం లారీలకు అడ్డం పడుకున్నారు. అయిదువందల మందికి పైగా అరెస్టయ్యారు. 1987లో యునైటెడ్ చర్చ్ ఆఫ్ క్రైస్ట్ లెక్కతీసి చూపింది: విషపు చెత్త ఎక్కడ పడుతుందో చెప్పడానికి ఆదాయం కంటే కూడా ఒంటిరంగే గట్టి గుర్తు. అదే నార్త్ కరోలినాలో 1988లో విద్యార్థుల పర్యావరణ కార్యాచరణ కూటమి పుట్టింది. 1990లో ఇల్లినాయిస్‌లో వాళ్లు పెట్టిన సభకు ఏడు వేల మందికి పైగా వచ్చారు. వచ్చినవాళ్లలో తెల్లపిల్లలే ఎక్కువ. నల్లజాతి, లాటినో, ఆసియా, ఆదివాసీ విద్యార్థులు ఆ కూటమిలోనే తమ వేదిక తాము కట్టుకున్నారు. మేం గమనించవలసింది ఇదే. వాళ్లు బయటికి పోలేదు, లోపల కూచొని అజెండా మార్చమన్నారు. 1991 అక్టోబర్‌లో వాషింగ్టన్‌లో వర్ణజాతుల పర్యావరణ నాయకులు సమావేశమై పదిహేడు సూత్రాలు రాసుకున్నారు. దాంతో అంతా బాగుపడిందనుకోకండి. 2020లో దావోస్‌లో ఉగాండా అమ్మాయి వనెస్సా నకాటే నలుగురు తెల్లమ్మాయిల పక్కన నిలబడితే వార్తాసంస్థ ఫోటోలో నుంచి ఆమెను కత్తిరించేసింది. నలుగురు మిగిలారు, ఆఫ్రికా పోయింది.

మన దగ్గర ఎవరు మిగులుతారు? 2025 మార్చి 30న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కన కంచ గచ్చిబౌలి నాలుగువందల ఎకరాల మీదికి బుల్డోజర్లు వచ్చాయి. పిల్లలు ఎదురు నిలిచారు, పోలీసులు పట్టుకుపోయారు, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్లు నరకడం ఆపించింది. ఆ విజయానికి మా సలాం. అంబేద్కర్‌వాద విద్యార్థులు, వామపక్ష విద్యార్థులు భుజం కలిపి తెచ్చిన విజయం అది. గుంటూరు కుర్రాడు రోహిత్ వేముల నక్షత్రాల మీద, ప్రకృతి మీద ప్రేమను 2016లో తన చివరి ఉత్తరంలో రాసింది కూడా ఆ క్యాంపస్ నుంచే. కాని దేశం చూసిన బొమ్మలు నెమళ్లవి, జింకలవి. నెమలి అరుపుకు కదిలిన నగరం, ఆరు నెలల కిందట మూసీ ఒడ్డున మూసానగర్, శంకర్‌నగర్ ఇళ్లు కూల్చినప్పుడు ఆ స్థాయిలో కదలడం మాకు కనపడలేదు. నెమలి మీద మాకు కోపం లేదు. నెమలికి దొరికిన జాలిలో మా హిస్సా ఏదని అడుగుతున్నాం.

మా ఇంటివాళ్లకూ ఒక మాట. ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' 1991లో వచ్చింది, 'జల్‌జలా' 1998లో. వతన్ ఎవరిదన్న ప్రశ్నను అవి తెలుగు సాహిత్యం నడినెత్తిన పెట్టాయి. ఆ కాలానికి అదే తొందర. ఇప్పుడు వతన్ అంటే మొహల్లా మురుగుకాలువ కూడా, ఇబ్రహీంపట్నం థర్మల్ చిమ్నీ కింద ఆరేసిన బట్టల మీది బూడిద కూడా. మా జల్సాల్లో వక్ఫ్ మాట వస్తుంది, ఉర్దూ మాట వస్తుంది, రిజర్వేషన్ మాట వస్తుంది. నాలా మాట ఎందుకు రాదు? మౌల్వీసాబ్ వజూ నీళ్లు వృథా చేయొద్దని చెబుతారు, మంచిదే. కుళాయిలో వచ్చే నీళ్ల రంగు గురించి కార్పొరేషన్‌ను ఎవరు అడగాలి?

యూజీసీ అప్పుడు తయారుచేసిన ఆ పాఠంలో ఎనిమిదో యూనిట్ ఫీల్డ్ వర్క్. దగ్గర్లోని కాలుష్య స్థలానికి ఒకసారి పోయి రావాలని అందులోనే రాశారు. విజయవాడ పిల్లలు కొల్లేరు పక్షుల్ని చూసి రికార్డు రాసుకొస్తే చాలామంది లెక్చరర్లకు చాలు. బస్సు ఖర్చు కూడా లేకుండా సింగ్‌నగర్ పోవచ్చు. అదే క్లాసులో కూచొన్న షబానాను, ప్రసాదును అడిగితే దారి చూపిస్తారు. 2024లో ఏ గోడ మీద ఎంత ఎత్తుకు నీళ్లొచ్చాయో, ఆ గోడ వెనక ఎవరున్నారో, నష్టపరిహారం జాబితాలో ఎవరి పేరు లేదో రాసుకోండి. ఆ రికార్డుకు మార్కులు వేయమని ముందు మీ లెక్చరర్‌తో కొట్లాడండి. తర్వాత దాన్ని కలెక్టర్ బల్ల మీద పెట్టండి.