సీటు కింది సాక్ష్యం

1970 నాటి షెవ్రొలే షెవెల్ కారు వెనక సీటు ఊడదీస్తే, దాని స్ప్రింగుల మధ్య ఒక్కోసారి నలిగి పసుపెక్కిన కాగితం ఒకటి దొరుకుతుంది. కొన్ని బండ్లలో పెట్రోలు ట్యాంకు నెత్తిన అతుక్కుని ఉంటుంది. ఏ ఇంజన్ ఎక్కించాలో, ఏ గేరుబాక్సు బిగించాలో, సీట్లకు ఏ రంగు వెయ్యాలో ఫ్యాక్టరీ పనివాళ్లకు చెప్పిన చీటీ అది. పేరు బిల్డ్ షీట్. బండి తయారయ్యాక దానితో ఎవరికీ పని లేదు, అందుకే ఉన్నచోటే ఉండిపోయింది. ఇవాళ ఆ బండిని అమ్మాలనుకునే మనిషికి ఇంజన్ తర్వాత అంత విలువైన వస్తువు ఇదే.

అమెరికాలో మజిల్ కారు కాలం చిన్నది. 1964లో పాంటియాక్ కంపెనీ మధ్యరకం కారులో పెద్ద ఇంజన్ పెట్టి జీటీఓ అని అమ్మడంతో ఊపందుకుంది. పదేళ్లు తిరక్కుండానే బీమా ఖర్చులు, పొగ మీద ఆంక్షలు, 1973 చమురు సంక్షోభం దాన్ని ముగించాయి. ఆ కాలానికి శిఖరం లాంటి బండ్లలో 1970 షెవెల్ ఎస్ఎస్ 454 ఒకటి. అందులోనూ ఎల్ఎస్6 అనే ఇంజన్ ఉన్నది. 7.4 లీటర్లు, కంపెనీ చెప్పిన లెక్క 450 హార్స్‌పవర్. అలాంటివి తయారైనవి నాలుగున్నర వేల లోపే.

చిక్కంతా ఇక్కడే ఉంది. 1968 దాకా ఎస్ఎస్ బండికి ఛాసిస్ నంబరే వేరుగా ఉండేది. మొదటి మూడంకెలు 138 అని కనిపిస్తే చాలు, అది ఎస్ఎస్. మరుసటి ఏడాది నుంచి ఎస్ఎస్‌ను అదనంగా డబ్బు కట్టి తీసుకునే ప్యాకేజీగా మార్చారు. దాంతో 1970 నంబరు 136తో మొదలై, ఇది షెవెల్‌లోనే మాలిబు అనే రకం, వీ8 ఇంజన్ వేసినది అని మాత్రమే చెబుతుంది. మామూలు మాలిబుకు ఎస్ఎస్ బిళ్లలు తగిలించి, పెద్ద ఇంజన్ ఎక్కిస్తే నంబరు చూసి పట్టుకోలేం. పోనీ కంపెనీని అడుగుదామంటే, అమెరికాలో అమ్మిన షెవ్రొలేల్లో ఏ బండికి ఏం బిగించారన్న రికార్డులు చాలావరకు మిగల్లేదు. కెనడాలో అమ్మినవాటి వివరాలు మాత్రం షెవ్రొలే మాతృసంస్థ జనరల్ మోటర్స్ అక్కడి శాఖ దాచింది. ఫోర్డ్ బండ్లకు ఈ బాధ లేదు. 1967 నుంచి ఉన్న ఫోర్డ్ ఉత్పత్తి వివరాలు కెవిన్ మార్టీ అనే నిపుణుడి చేతిలో ఉన్నాయి. ఆయన ఇచ్చే మార్టీ రిపోర్టును బజారంతా నమ్ముతుంది.

కాబట్టి షెవెల్ అమ్మేవాడు తన సాక్ష్యం తానే కూడబెట్టుకోవాలి. పొలం కొనేటప్పుడు మనవాళ్లు లింకు డాక్యుమెంట్లు ఎలా అడుగుతారో, ఇక్కడా అంతే. మొదటి యజమాని నుంచి ఇప్పటి యజమాని దాకా గొలుసు తెగకూడదు. షోరూం బిల్లు, అద్దం మీద అంటించిన ధరల పట్టిక, రిపేరు రసీదులు, వారంటీ పుస్తకంలోని ప్రొటెక్ట్-ఓ-ప్లేట్ అనే చిన్న లోహపు రేకు, అన్నీ ఫైల్లో చేరతాయి. బిల్డ్ షీట్లకూ రేకులకూ నకిలీలు పుట్టుకొచ్చాయి. అందుకే తెలిసినవాళ్లు ఒక్క కాగితంతో తృప్తి పడరు, కాగితాన్ని ఇనుముతో కలిపి చదువుతారు.

ఆ చదువు నాకు జాతకం చూడటంలా అనిపిస్తుంది. ఇంజన్ బ్లాకు మీద పోత పోసిన రోజు ఉంటుంది. సీ 12 0 అంటే 1970 మార్చి 12. ముందువైపు కుడి పక్కన చదునైన చోట ఇంకో వరస పంచ్ చేసి ఉంటుంది. టీ0318సీఆర్‌వీ అని ఉంటే, న్యూయార్క్ రాష్ట్రంలోని టొనవాండాలో మార్చి 18న కూర్చిన ఎల్ఎస్6, చేత్తో గేర్లు మార్చే బండి కోసం అని అర్థం. దాని దగ్గరే ఛాసిస్ నంబరు తోక ఉండాలి. పోత ముందు, కూర్పు తర్వాత, బండి ఆ తర్వాత. ఈ వరస తప్పితే ఎక్కడో అతుకు పడిందన్నమాట. అంకెలు కొత్తగా కొట్టవచ్చు గాని, ఆ చదును మీద ఫ్యాక్టరీ యంత్రం గీసిన వెంట్రుకంత సన్నని సమాంతర గీతలను తిరిగి తేవడం చాలా కష్టం. నిపుణులు టార్చి పక్కకు వంచి మొదట చూసేది వాటినే.

మంచి అమ్మకందారు తన బండిని పొగడడు. తలుపుల కింది తుప్పు, మార్చిన ఫెండరు, పుట్టీ పెట్టిన చోటు, అన్నీ ఫోటోలు తీసి ముందే చూపిస్తాడు. పెయింటు మందం కొలిచే మీటరు కొనేవాడి దగ్గర ఎలాగూ ఉంటుంది. ఆ మీటరు బయటపెట్టాక ఒప్పుకున్న లోపం, మిగతా మాటలన్నిటి మీదా అనుమానం నాటుతుంది. అన్నిటికంటే పెద్ద పొరపాటు, అమ్మే ముందు మెరుగులు దిద్దడం. మొదటి పెయింటు వెలిసిపోయినా సరే, దాన్ని గీకేస్తే బండి పుట్టుక గురించిన సాక్ష్యం కూడా గీకేసినట్టే. అలా రంగు మార్చిన బండ్లను చూస్తే నాకు మనసు చివుక్కుమంటుంది.

దీనికి నేను చెప్పగల అందమైన ఉదాహరణ మస్టాంగ్‌ది. 1968లో వచ్చిన 'బులిట్' సినిమాలో స్టీవ్ మెక్‌క్వీన్ శాన్‌ఫ్రాన్సిస్కో వీధుల్లో నడిపిన ముదురాకుపచ్చ జీటీ 390 అది. 1974లో న్యూజెర్సీ కుటుంబం ఒకటి పత్రికలో ప్రకటన చూసి 6,000 డాలర్లకు కొన్నది. ఆ ఇంటి ఇల్లాలు బడిలో పాఠాలు చెప్పడానికి దాంట్లోనే వెళ్లేది. 1977 డిసెంబరులో మెక్‌క్వీన్ తనకు తిరిగి అమ్మమని ఉత్తరం రాస్తే కూడా వాళ్లు ఇవ్వలేదు. తర్వాత క్లచ్ పోయి బండి మూలపడింది. తండ్రి పోయాక కొడుకు దాన్ని బయటికి తీసే ముందు చేయించిన పని రంగు వేయించడం కాదు, మార్టీని పిలిపించడం. సొట్టలు, తుప్పు, కెమెరాల కోసం వెల్డింగు చేసిన గుర్తులు అలాగే ఉంచారు. 2020 జనవరి 10న ఫ్లోరిడాలోని కిసిమీలో మేకమ్ సంస్థ వేలంలో సుత్తి 34 లక్షల డాలర్ల దగ్గర పడింది. కొన్నవారు వేలం సంస్థకు కట్టే పది శాతంతో కలిపి 37 లక్షల 40 వేలు.

అంత పేరున్న బండ్లు అరుదు. మామూలుగా అమ్మకం ఓ ఇంటి గ్యారేజీలో జరుగుతుంది. ఫైలు చేతులు మారుతుంది. ఎప్పుడో విప్పి అట్టపెట్టెలో దాచిన అసలు కార్బ్యురేటరు, తేదీ పంచ్ చేసిన ఆల్టర్నేటరు డిక్కీలోకి ఎక్కుతాయి. చలికి ఇంజన్ బిగుసుకున్నప్పుడు స్టార్ట్ చేసే ముందు యాక్సిలరేటరు ఎన్నిసార్లు తొక్కాలో పాత యజమాని కొత్తాయనకు చూపిస్తాడు. కొత్తాయన ఆ మాట కూడా ఓ కాగితం మీద రాసి, తేదీ వేసి, ఫైల్లో పెట్టుకుంటాడు.